శిలలు కోరుచున్న రక్ష
(తిరుపతి ప్రాంతమున కనిపించు ప్రాచీన చిహ్నములు, వాటి వెనుకనున్న చరిత్ర)



తిరుమలలో మహాద్వారము దాటి లోనికి అడుగుపెట్టిన భక్తుని చూపు ఆనందనిలయము వైపే సాగును. అది సహజము. ఎంతో దూరము నుండి వచ్చి, గంటల తరబడి వేచియుండి, క్షణకాలము లభించు దర్శనము కొరకు తపించు మనస్సునకు ప్రక్కనున్న గోడలు కనిపించవు. కాని ఆ గోడల మీద మనిషి ఎత్తు నుండి అధిష్ఠానము వరకు అక్షరముల వరుసలు ఉన్నవి. వరుసలో కదలుచు భక్తులు వాటిపై చేయి ఆన్చుదురు, భుజము ఆన్చుదురు, కొందరు కన్నుల కద్దుకొందురు. అవి ఏమి చెప్పుచున్నవో తెలిసినవారు మాత్రము అరుదు.

అక్షరములు మాత్రమే కాదు. ద్వారము ప్రక్కన వ్రేలాడుచున్న ఇనుప గునపము, చేతులు జోడించి నిలిచిన రాగి ప్రతిమలు, కొండదారిలో గుంటలు పడిన బండరాయి, కోనేటి మూలలలో చక్రపు రాళ్ళు, పల్లెల పొలిమేరలలో కత్తి పట్టిన వీరుని శిల: ఇవి అన్నియు మన పూర్వులు మన కొరకు నిలిపిన గుర్తులు. ఈ ప్రసంగములో వాటిలో కొన్నింటి చరిత్రను పరిశీలింపదలచినాము. ఇవి ఎవరు నిలిపినారు, ఎందుకు నిలిపినారు, ఇన్ని శతాబ్దములు ఎట్లు నిలిచినవి, ఇకపై నిలుచుటకు మనము చేయవలసినది ఏమి అన్నదే మన విచారణ.

భక్తి మిగిల్చిన గుర్తులు

మొదట అందరికిని తెలిసిన గునపముతో ప్రారంభింతము. మహాద్వారము లోపలి గోడకు, లోనికి పోవునపుడు కుడివైపున, ఎత్తుగా ఒక గునపము వ్రేలాడుచుండును. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి కొండ మీద పూలతోట పెంచుటకు వచ్చిన అనంతాళ్వార్ చెరువు త్రవ్వుచుండగా, గర్భవతియైన ఆయన భార్య మట్టి మోయుచుండెనట. ఆమె శ్రమ చూచి ఒక బాలుడు వచ్చి సాయపడినాడు. ఇతరుల సాయము వలన తన కైంకర్యమునకు లోపము కలుగునని కోపించిన ఆళ్వార్ గునపము విసరగా అది బాలుని గడ్డమునకు తగిలినది. తరువాత ఆలయములోనికి పోయి చూడగా స్వామివారి గడ్డము నుండి రక్తము కారుచున్నది. నాటి నుండి స్వామి గడ్డమునకు పచ్చకర్పూరము అద్దుట ఆచారమైనదని, ఆ గునపమే ఇదియని పెద్దలు చెప్పుదురు.

అలిపిరి నుండి మెట్లదారి పట్టిన వెంటనే తలయేరుగుండు కనిపించును. ఆంజనేయస్వామి రూపము చెక్కిన ఆ పెద్ద బండపై గుండ్రని గుంటలు ఉన్నవి. కొండ ఎక్కుటకు ముందు భక్తులు తమ మోకాళ్ళను, తలను ఆ బండకు ఆనించి మ్రొక్కుదురు. అట్లు చేసినచో కాళ్ళనొప్పులు, తలనొప్పి బాధింపవని నమ్మకము. ఆ గుంటలను చెక్కిన ఉలి లేదు. తరతరముల భక్తుల స్పర్శయే వాటిని తీర్చినదని జనులు చెప్పుదురు. ఇంకను పైకి పోగా మోకాళ్ళ పర్వతము. కొండ యంతయు సాలగ్రామమయమని భావించి, కాలు మోపుటకు వెరచి, రామానుజులు మోకాళ్ళతో ఎక్కినారని ఐతిహ్యము. నేటికిని ఆ మెట్లను మోకాళ్ళతో ఎక్కువారు ఉన్నారు.

ఇవి ఐతిహ్యములు. వీటికి తేదీలు లేవు, సాక్షి సంతకములు లేవు. అట్లని వీటిని త్రోసివేయవలసిన పనిలేదు. ఐతిహ్యము భావమును కాపాడును, శాసనము వివరమును కాపాడును. కైంకర్యము స్వయముగా చేయవలెనన్న పట్టుదల ఎట్టిదో గునపము కథ చెప్పును. ఏ యేట, ఎవరు, ఎంత ద్రవ్యమిచ్చి, ఏ సేవ జరిపించినారో గోడమీది అక్షరములు చెప్పును. ఒకదాని పనిని మరియొకదానికి అప్పగించినపుడే చిక్కు వచ్చును.

గోడలపై ఉన్నదేమి?

తిరుమల, తిరుపతి, తిరుచానూరు ఆలయములలోను, వాటి పరిసరములలోను లభించిన శాసనములు వెయ్యికి పైబడినవి. దేవస్థానము పక్షమున వీటిని వెదకి, ప్రతులెత్తి, చదివి లోకమునకు అందించిన మహనీయులలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు అగ్రగణ్యులు. 1930వ దశకములో ఈ శాసనములు సంపుటములుగా ముద్రితమైనవి. నేడు తిరుమల చరిత్ర గురించి మనము నిశ్చయముగా చెప్పగలుగుచున్న మాటలలో అధికభాగము ఆ పరిశ్రమ ఫలమే.

ఈ శాసనములలో అత్యధికము తమిళమున ఉన్నవి. తెలుగు, కన్నడ, సంస్కృత శాసనములును కలవు. తెలుగు దేశములో వెలసిన స్వామి గోడలపై తమిళ లిపి ఏమని కొందరు ఆశ్చర్యపడుదురు. వేంకటాద్రి ప్రాచీన తమిళ గ్రంథములలో తమిళ దేశమునకు ఉత్తరపు ఎల్లగా పేర్కొనబడినది. పల్లవులు, చోళులు, యాదవరాయలు ఈ సీమను ఏలిన కాలమున లెక్కలును, ఒడంబడికలును ఆ భాషలోనే సాగినవి. విజయనగర ప్రభువుల కాలము వచ్చుసరికి తెలుగు, కన్నడములు కూడ గోడలకెక్కినవి. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి స్వామిని సేవించి సమర్పించిన కానుకలను గూర్చి ఒకే విషయమును వేర్వేరు భాషలలో చెక్కించినాడు. ఏ దేశమువాడు వచ్చినను చదువుకొనవలెనన్నది ఆ ప్రభువు సంకల్పము. ఎల్లలు కలియుచోట వెలసిన దేవుని గోడ అనేక భాషలు మాటలాడుట వింత కాదు, అది ఆ స్థలమునకు భూషణము.

ఇక ఆ శాసనములలోని విషయము. చాలమంది వాటిలో యుద్ధములు, బిరుదములు ఉండునని తలంతురు. నిజమునకు ఎక్కువ భాగము నైవేద్యముల లెక్కలు. బియ్యము, నెయ్యి, పెసలు, బెల్లము, మిరియాలు, చందనము, పోకచెక్కలు, తమలపాకులు ఏ రోజున ఎంత కొలత వాడవలెనో వ్రాసియుందురు. దాత ఇచ్చిన పణములను స్థానత్తార్లు, అనగా ఆలయ నిర్వాహకులు, ఏమి చేయుదురో కూడ వ్రాసియుందురు. విజయనగర కాలపు శాసనములు పలుచోట్ల చెప్పునదేమనగా, ఆ ధనమును పెట్టెలో పెట్టి దాచుట లేదు. స్వామివారి గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వెచ్చించినారు. నీరు వచ్చి భూమి పండగా, ఆ అధిక ఫలసాయము నుండి దాత కోరిన నైవేద్యము జరిగినది. నివేదించిన ప్రసాదములో నాలుగవ వంతు దాతకు చెందును. ఆ వంతును కొందరు తాము తీసికొనక, యాత్రికుల అన్నదానమునకు విడిచిపెట్టినారు.

రాయలసీమ వంటి వానలు తక్కువైన సీమలో ఈ ఏర్పాటు ఎంత దూరదృష్టి గలదో ఆలోచింపుడు. భక్తుడు ఇచ్చిన పణము మొదట రైతు పొలమునకు నీరైనది, పిమ్మట స్వామికి నైవేద్యమైనది, చివరకు యాత్రికునికి అన్నమైనది. గోడమీది అక్షరము చదువనివానికి ఈ చక్రము తెలియదు. ప్రసాదపు లెక్కలు మనకు నీరసముగా తోచవచ్చును గాని, ఒక సమాజము తన దేవునితో, తన నేలతో ఎట్లు ముడివడి బ్రతికినదో చెప్పునవి ఆ లెక్కలే.

శాసనముల చివర సామాన్యముగా మూడు మాటలుండును. ఈ ధర్మము చంద్రసూర్యులున్నంత వరకు జరుగవలెననునది ఒకటి. శ్రీవైష్ణవుల ఆజ్ఞ మేరకు దీనిని వ్రాసినవాడు ఆలయ గణకుడైన తిరునిన్ఱ ఊరుడైయాన్ అనునది రెండవది. దీనిని శ్రీవైష్ణవులు రక్షింతురు గాక అనునది మూడవది. శిలాశాసనములపై తరచుగా కనిపించు సూర్యచంద్రుల బొమ్మలు అలంకారము కొరకు చెక్కినవి కావు. చదువురాని వానికిని మొదటి మాట అర్థము కావలెనని చెక్కిన గుర్తులవి. మూడవ మాటను మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. రాజు రక్షించునని గాని, సైన్యము రక్షించునని గాని వ్రాయలేదు. భక్తులు రక్షింతురు గాక అని వ్రాసినారు. ఆ రక్షాభారము నాటి భక్తులతో తీరలేదు. చదువు ప్రతివానిపై అది ఉన్నది.

సామవై వెండి ప్రతిమ

ఈ రక్ష ఎట్లు జరిగినదో చూపు ఉదాహరణమును మనవి చేయుదుము. తిరుమల ఆలయమున ప్రతి రాత్రి ఏకాంతసేవలో పవళించువారు భోగశ్రీనివాసమూర్తి. ధనుర్మాసములో మాత్రము ఆ సేవ శ్రీకృష్ణునికి జరుగును. ఈ భోగశ్రీనివాసుని వెండి ప్రతిమను చేయించి సమర్పించినది సామవై అను పల్లవ వంశపు స్త్రీ. ఆమెకు కాడవన్ పెరుందేవి అనునది మరియొక పేరు. ఆమె శక్తివిటంకుని భార్య. చరిత్రకారులు ఈ దానమును సామాన్యముగా క్రీ.శ. 966వ సంవత్సరమునకు చెందినదిగా భావింతురు. ప్రతిమకు ఆభరణములు చేయించి, ఉత్సవములు నిర్ణయించి, వాటి నిర్వహణకై భూములు కూడ ఆమె సమర్పించినది.

వెయ్యేండ్లు గడచినవి. ఆమె ఇచ్చిన ప్రతిమ నేటికిని నిత్యపూజ లందుకొనుచున్నది. ఇంతటి దానము చేసినది సామవై అని మనకు తెలిసినది ఆలయ ప్రాకారపు గోడమీది శాసనము వలన. అయితే నేడు కనిపించుచున్న ఆ అక్షరములు ఆమె కాలమున చెక్కినవి కావు. అవి సుమారు మూడువందల ఏండ్ల తరువాత చెక్కినవి. ఇదియే మనము గమనింపవలసిన విశేషము.

13వ శతాబ్దములో వీరనరసింగదేవ యాదవరాయలు ఈ సీమను ఏలుచుండగా, తిరుప్పుల్లాణి దాసర్ అను భక్తుడు ఆలయ జీర్ణోద్ధరణకు పూనుకొన్నాడు. పని జరుగవలెనన్న పాత గోడలను తొలగింపవలెను. పాత గోడలపై పాత దానశాసనములు ఉన్నవి. దాతలు ఏనాడో గతించినారు. వారి వంశీకులు వచ్చి అడుగుదురన్న భయము లేదు. అయినను ఆ అక్షరములను పోగొట్టుకొనుటకు వారు ఒప్పుకొనలేదు. యాదవరాయల 40వ పాలనా సంవత్సరమున, పాత శాసనములను కొత్త గోడపై తిరిగి చెక్కుటకు ఉత్తరువైనది. ఆ విషయమును కూడ గోడపైననే వ్రాసినారు. సామవై శాసనము అట్లు తిరిగి చెక్కబడిన వాటిలో ఒకటి.

ఆ పని ఎంత కష్టమో ఊహింపుడు. మూడు శతాబ్దములలో లిపి మారును, మాట మారును. అరిగిన అక్షరమును పోల్చుకొని, చదివి, తప్పులేకుండ వ్రాసి, శిల్పి చేతికి అందింపవలెను. ఆ శిల్పి పేరు మనకు మిగులలేదు. గోపురము ఎత్తుగా కట్టుట ఒక కీర్తి, కొత్త మండపము వేయుట ఒక కీర్తి. పరుల పేరును తన కొత్త గోడపై తిరిగి చెక్కించుటలో అట్టి కీర్తి లేదు. అందులో ఉన్నది ధర్మము మాత్రమే. మా దృష్టిలో తిరుమల గోడలపై చదువదగిన గొప్ప పాఠము ఇదియే. జీర్ణోద్ధరణ అనగా పాతదానిని తుడిచి కొత్తది కట్టుట కాదని, పాతవాని ప్రతిజ్ఞను కొత్త గోడకు ఎత్తించుటయని మన పూర్వులు ఆచరించి చూపినారు.

ప్రతిమలపై పేర్లు

మహాద్వారము దాటగానే కుడివైపున కృష్ణరాయ మండపములో శ్రీకృష్ణదేవరాయలు, ఆయన దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి రాగి ప్రతిమల రూపములో నిలిచియుందురు. ముగ్గురి చేతులును జోడించియున్నవి. వారి భుజములపై పేర్లు చెక్కియున్నవి. ఎదురువైపున వేంకటపతిరాయల రాగి ప్రతిమ, అచ్యుతరాయలు, వరదాజి అమ్మగారి శిలాప్రతిమలు కలవు. రాయలు 1514 జులై 6న ఉదయగిరి విజయానంతరము వచ్చి 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకము చేసినాడు. ఆనందనిలయ విమానమునకు ఆయన చేయించిన బంగారుపూత 1518లో పూర్తియైనట్లు శాసనమున్నది. అంతటి సార్వభౌముడు ఆలయములో కోరుకొన్న స్థానము సింహాసనము కాదు. వచ్చుపోవు భక్తుల ప్రక్కన, చేతులు జోడించి నిలుచు చోటు.

ఇక తిరుమలరాయ మండపములో మరి మూడు రాగి ప్రతిమలు ఉన్నవి. ఇవి తోడరమల్లు, ఆయన తల్లి మాతా మోహనాదేవి, భార్య పితా బీబీలవి. తోడరమల్లు అనగానే మనకు అక్బరు చక్రవర్తి ఆర్థిక మంత్రి స్ఫురించును. ఆ మంత్రి పాఠ్యపుస్తకముల వలన సుప్రసిద్ధుడు. అందువలన ఈ ప్రతిమ ఆయనదేయని చాలకాలముగా చెప్పుకొనుచున్నారు. కాని ప్రతిమపై చెక్కిన పేరు లాలా ఖేమరాము. ఈయనయే దక్షిణదేశమున లాలా తోడరమల్లుగా ప్రసిద్ధుడు. అక్బరు మంత్రి 1589లో గతించినాడు. లాలా తోడరమల్లు 18వ శతాబ్దారంభమున కర్ణాటక నవాబు సాదతుల్లాఖాను కొలువులోని అధికారి.

ఆయన చేసిన మహోపకారమును కంచిలోని శాసనము చెప్పుచున్నది. మొగలాయి యుద్ధముల భయము చేత కంచి వరదరాజస్వామి ఉత్సవమూర్తులను రహస్యముగా ఉడయార్‌పాళెమునకు తరలించినారు. భయము తొలగిన పిమ్మటను మూర్తులు తిరిగిరాలేదు. అత్తాన్ తిరువేంకట రామానుజ జీయరుగారి ప్రేరణపై లాలా తోడరమల్లు పూనుకొని 1710లో స్వామిని తిరిగి కంచికి వేంచేయింపజేసినాడు. నవాబు కొలువులో ఉన్న ఒక అధికారి, ఒక జీయరు మాట శిరసావహించి, దేవుని ఆయన ఇంటికి చేర్చినాడు. కల్లోల కాలములలో మన ఆలయములు ఎట్లు నిలిచినవో తెలిసికొనుటకు ఇంతకంటె చక్కని కథ ఏమున్నది?

పేరును సరిగా చదువకపోవుట వలన ఈ కథ మరుగునపడినది. అక్బరు మంత్రికి కీర్తి కొరత లేదు. కొరత ఎవరికనగా, స్వామిని మోసి తెచ్చిన ఈ తోడరమల్లుకు. చిహ్నము కంటి ముందు ఉన్నను, దానిపై పేరు చెక్కియున్నను, మనకు ముందే తెలిసిన పేరును దానిపై మోపినచో అసలు మనిషి అదృశ్యుడగును. అందువలన గుర్తును కాపాడుట ఎంత ముఖ్యమో, దానిని నిదానించి చదువుట అంత ముఖ్యము.

చూచియు చదువనిది

శ్రీవారి హుండీకి ఎదురుగా, భాష్యకారుల సన్నిధి ప్రక్కన ఒక చిన్న రాతి అర ఉన్నది. దానికి ఇరువైపుల ఇద్దరు భక్తుల రూపములు చెక్కియున్నవి. వారు తాళ్ళపాక అన్నమాచార్యులు, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు. అది సంకీర్తన భాండాగారము. ఆ చీకటి అరలో తాళ్ళపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దముల పాటు ఉన్నవి.

ఆ రేకులు ఉన్నవని ఎవరికిని తెలియకపోలేదు. 1816లో తన తెలుగు వ్యాకరణమును ముద్రించిన క్యాంప్‌బెల్ దొర, తిరుపతి ఆలయమున వేల సంఖ్యలో రేకులున్నవని విని, వ్యాకరణ గ్రంథములు దొరకునేమోనని ఒక పండితుని పంపి పరీక్షింపజేసినాడు. ఒక్క లక్షణగ్రంథము తప్ప మిగిలినవన్నియు దేవుని స్తుతించు పాటలేయని తెలిసి ఊరకున్నాడు. వెదకువానికి కావలసినది వ్యాకరణము, అక్కడ ఉన్నది సంకీర్తనము. అందుచేత అవి మరల నూరేండ్లు చీకటిలోనే ఉన్నవి. 1922 ప్రాంతమున అవి వెలుగులోనికి వచ్చిన పిమ్మట సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు వాటిని చదివి, పరిష్కరించి, స్వరపరచి లోకమునకు ఇచ్చినారు. నేడు ప్రతి తెలుగు ఇంట వినిపించు అన్నమయ్య పాట, ఆ రాతి అరను భద్రపరచినవారి భిక్ష, ఆ రేకులను ఓర్పుతో చదివినవారి భిక్ష.

అన్నమాచార్యులు 1503లో పరమపదించినారన్న తేదీయు, స్వామి ఆయనకు ప్రత్యక్షమైన సంవత్సరమును మనకు తెలుపునవి ఆ రేకులమీది వ్రాతలే. పాటను కాపాడినవారు పాడినవాని కాలమును కూడ కాపాడినారు.

కోనేటి చక్రము, పొలిమేర రాయి

కొండ దిగి కపిలతీర్థమునకు వత్తము. ఇది శివక్షేత్రము. కపిలేశ్వరస్వామి సన్నిధి ఎదుట కొండపై నుండి జలధార పుష్కరిణిలోనికి దూకును. ఈ పుష్కరిణి మూలలలో సుదర్శన చక్రము చెక్కిన శిలలను ప్రతిష్ఠించినారు. అందుచేత వైష్ణవ సంప్రదాయములో దీనికి చక్రతీర్థమనియు, ఆళ్వారుతీర్థమనియు పేర్లు. ఇక్కడి ఆళ్వారు అనగా చక్రత్తాళ్వారు. అచ్యుతరాయల కాలమున ఇక్కడ రాతిమెట్లు, సంధ్యావందన మండపములు ఏర్పడినవి. శివుని ఎదుట విష్ణుచక్రము ఏమని ప్రశ్నించువారు కలరు. ఎవరు ముందు, ఎవరు వెనుక అను వాదములు ఒకప్పుడు ఉండియుండవచ్చును. కాని ఆ రాళ్ళను ఒకరు పెరికివేయలేదు, ఆ లింగమును మరియొకరు కాదనలేదు. రెండు గుర్తులును ఒకే నీటిలో తడియుచున్నవి. స్నానము చేయు యాత్రికుడు రెంటికిని మ్రొక్కుచున్నాడు.

చక్రము ఆలయములలోనే కాక పొలములలోను కనిపించును. దేవునికి ఇచ్చిన భూమికి నాలుగు ఎల్లలలో గుర్తురాళ్ళు పాతుట ఆచారము. విష్ణ్వాలయ భూములకు శంఖచక్రములు, శివాలయ భూములకు త్రిశూలము, నంది, లింగము, బ్రాహ్మణులకిచ్చిన భూములకు గొడుగు, కమండలము పట్టిన వామనమూర్తి సామాన్యముగా కనిపించును. దానమును అపహరించువానికి శాపముగా గాడిద రూపము చెక్కిన రాళ్ళును కొన్నిచోట్ల కలవు. చదువురానివాడు సైతము ఒక్క చూపుతో ఈ భూమి ఎవరిదో, ముట్టినచో ఏమగునో గ్రహించెడివాడు. ఇప్పటి సర్వేరాళ్ళకు, పట్టాపుస్తకములకు పూర్వపు రూపము ఇదియే.

పుంగనూరు, మదనపల్లె వైపు పల్లెలకు పోయినచో వీరగల్లులు కనిపించును. బాణులు, నొలంబులు, వైదుంబులు ఈ సీమ కొరకు పోరాడిన కాలపువి వాటిలో పలు కలవు. విల్లో కత్తియో పట్టిన వీరుడు, కొన్నింట అతనిని స్వర్గమునకు తీసికొనిపోవు దేవకన్యలు, పైభాగమున లింగము ఉండును. ఊరి ఆవులను దొంగలు తోలుకొనిపోవుచుండగా అడ్డగించి ప్రాణములిచ్చినవారికి, పులితో పోరి మరణించినవారికి, యుద్ధములో నేలకొరిగినవారికి ఊరివారు నిలిపిన రాళ్ళవి. పలుచోట్ల ఆ వీరుని పేరు ఊరివారు మరచినారు. అయినను పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టుచునే ఉన్నారు. పేరు మరచినను ఋణము మరువలేదన్నమాట. రాతిమీది నాలుగు పంక్తులను చదివించినచో ఆ పేరు కూడ తిరిగి ఊరికి చేరును.

మన వంతు

ఇంతవరకు నిలిచినవాటిని చెప్పినాము. నిలువనివియు ఉన్నవి. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. ఆ స్థానమున కొత్త గోపురము నిర్మించి 2017లో కుంభాభిషేకము జరిపినారు. తిరుమల మహాద్వారమునకు ఎదురుగా 1464లో సాళువ మల్లయ్యదేవ మహారాజు నిర్మింపించిన వేయికాళ్ళ మండపము 2003లో తొలగింపబడినది. వీటి నిర్మాతలను, కాలమును మనము నేటికిని చెప్పగలుగుచున్నామనిన, వాటిని గూర్చిన శాసనములు ముందే ప్రతులెత్తి ముద్రింపబడినందువలననే. కట్టడము పోయినను మాట మిగిలినది. ప్రతి తీయని చోట రెండును పోవును.

పెద్ద ఆలయములకు పండితులున్నారు, అధికారులున్నారు. మా ఆందోళన పల్లె ఆలయములను గూర్చి. నేడు దేవుని దయవలన గ్రామములలో ధనము చేరుచున్నది, జీర్ణోద్ధరణములు జరుగుచున్నవి. భక్తితోనే జరుగుచున్నవి. కాని ఆ భక్తిలోనే పాత శిలకు రంగు పూయుచున్నారు, సున్నము కొట్టుచున్నారు, అధిష్ఠానము మీద నునుపైన కొత్త పలకలు అతికించుచున్నారు, ఇసుకను వేగముగా చిమ్ము యంత్రములతో రాతిని కడుగుచున్నారు. ఒక్క పూటలో నల్లరాయి తెల్లనగును. దానితో పాటు ఎనిమిది వందల ఏండ్ల నాటి దాత పేరు కూడ పోవును. చేసినవానికి తాను ఏమి చేసినాడో తెలియదు. అక్షరములపై కొత్త దాతల పేర్ల పలక వెలయును. ఆ పలకకు రేపు అదే గతి పట్టదని ఎవరు చెప్పగలరు?

అందువలన ధర్మకర్తలకు, గ్రామ పెద్దలకు, జీర్ణోద్ధరణ సంఘములకు మేము వినయముగా విన్నవించుకొనునది ఇది. పని ప్రారంభించుటకు ముందు ఆలయమును ఒకమారు నలువైపుల పరిశీలింపుడు. ప్రొద్దున గాని, సాయంకాలము గాని ఎండ ఏటవాలుగా పడు వేళ గోడలను చూచినచో, మధ్యాహ్నము కనిపించని అక్షరములు నీడలతో తేలివచ్చును. కనిపించినచో ఛాయాచిత్రములు తీసి, రాష్ట్ర పురావస్తు శాఖవారికి గాని, మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వేక్షణ సంస్థవారి శాసన విభాగమునకు గాని తెలియజేయుడు. వారు తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో దట్టించి, సిరా అద్ది ప్రతి తీసికొందురు. దాని వలన రాతికి హాని కలుగదు. గోడ తీయక తప్పనిచో, శాసనమున్న రాళ్ళకు గుర్తులు వేసి కొత్త గోడలో తిరిగి అమర్చుడు. అదియు సాధ్యము కానిచో తిరుప్పుల్లాణి దాసర్ చేసిన పనిని చేయుడు. పాత మాటను కొత్త రాతిపై చెక్కింపుడు. కొత్త దాతల పేర్లకు పైన పాత దాతల పేర్లు ఉండినచో కొత్తవారి గౌరవము తగ్గదు, పెరుగును.

ఇక సామాన్య భక్తులమైన మన వంతు ఇంకను సులభము. శాసనముపై నూనెచేయి తుడువకుందము. కర్పూరము, దీపము వ్రాతకు దూరముగా వెలిగింతము. పేర్లు గీయుచున్న పిల్లలను మందలింపక, అక్కడ ఏమి వ్రాసియున్నదో చెప్పుదము. తెలిసికొన్న బిడ్డ గీయడు. ఊరిలో వీరగల్లు ఒరిగియున్నచో లేపి నిలుపుదము. పెద్దవారికి తెలిసిన కథను పెద్దవారుండగానే వ్రాసియుంచుదము.

మహాశయులారా! సామవై మనలను ఎరుగదు. కోనేటి మూలలలో చక్రము నిలిపినవాడును ఎరుగడు. పేరు తెలియని వీరుడును ఎరుగడు. అయినను వారు ఎవరో ఒకరు వచ్చి చదువుదురని, చదివినవారు కాపాడుదురని నమ్మి తమ మాటను రాతికి అప్పగించినారు. ఈ ధర్మమును భక్తులు రక్షింతురు గాక అని గణకుడు వ్రాసినపుడు ఆ భక్తులు ఎవరో అతనికి తెలియదు. మనకు తెలియును. మరల తిరుమలకు పోయినపుడు, వరుసలో నిలిచిన ఆ కొద్దిసేపు, చేతికి తగిలిన గోడవైపు ఒకమారు చూడుడు. స్వామి దర్శనమునకు ముందు స్వామి భక్తుల దర్శనమును కలుగును.

శ్రీవేంకటేశార్పణమస్తు.